వాళ్ళ తరఫున

తుఫాను షెల్టరు మెట్ల మీద నిలబడి ఫేబీ ఆ ఉదయం ఒక్కొక్క వస్తువునే దాచిపెట్టిస్తోంది. దండెం మీది రంగు చీరలు లోపలికి పోయాయి. చర్చివాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు మేడ ఎక్కాయి. పిట్టగోడ మీద ఎండుతున్న చేపలను గోనెపట్టతో కప్పేశారు. పాత నూనె డబ్బాలో ఎవరో వేసుకున్న బంతి మొక్క విరగబూసి ఉంది. దాన్ని కూడా వెనక్కి పంపించేసింది. మధ్యాహ్నానికి గూడూరు నుంచి వాణి గారు వస్తున్నారు. ఆ డివిజనుకు ఆవిడే పై అధికారి.

గుమ్మంలో నిలబడ్డ మగ్దలీనమ్మను చూసి ఫేబీ అరవంలో అంది, "అమ్మా, ఈ చీర వద్దు. మొన్నటి పాతది కట్టుకోండి."

మగ్దలీనమ్మ యాభై దాటిన మనిషి. ఉన్న ఒక్క మంచి చీర, ఆకుపచ్చది, రాత్రంతా తలకింద పెట్టుకుని పడుకుని మడతలు తీర్చుకుంది.

"పెద్ద మనిషి ఇంటికి వస్తుంటే మాసిన చీరతో ఎదురు రమ్మంటావా?" అంది.

"ఇది ఇల్లు కాదమ్మా, సహాయ శిబిరం. చూడగానే ఆవిడకు జాలి కలగాలి. మీ మంచికే చెప్తున్నాను."

మగ్దలీనమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

ఇందులో తప్పేముంది అని మనకు అనిపించవచ్చు. ఫేబీకీ అలాగే అనిపించింది. కానీ మన సంగతి మనం ఒక్కసారి తలచుకుందాం. ఎవరికైనా సాయం చేయబోయి, ఆ మనిషి మనకన్నా శుభ్రంగా ఉంటే, మన చెయ్యి కాస్త వెనక్కి పోదూ? బీదవాడు బీదవాడిలాగే కనపడాలని, కష్టంలో ఉన్నవాడు తలవంచుకునే నిలబడాలని మనలో చాలామందికి ఒక రహస్యమైన కోరిక ఉంది. అది బయటికి దయలాగే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ దాన్ని తప్పు పట్టరు.

ఆ షెల్టరులో ఉన్నవాళ్ళు శ్రీలంక నుంచి వచ్చిన జాలరి కుటుంబాలు. అక్కడ తిండికీ డీజిలుకూ కటకట వచ్చిన ఏడాది, ముల్లైతీవు తీరం నుంచి ఒకే పడవలో బయలుదేరారు. నాగపట్నం చేరాలని వాళ్ళ ఆలోచన. నడిసముద్రంలో ఇంజను ఆగిపోయింది. గాలీ, నీటి వాలూ కలిసి పడవను ఉత్తరానికి నెట్టుకుంటూ వచ్చి, కోట అనే ఊరికి తూర్పున, రొయ్యల గుంటలు దాటాక ఉండే ఒక చిన్న పాళెం ముందు వదిలేశాయి. పాళెంలోని జాలర్లే పడవల మీద ఎదురుపోయి, తాళ్ళు వేసి ఒడ్డుకు లాగారు. మొదటి రోజుల్లో గంజి పోసిందీ, తడిబట్టలు మార్పించిందీ ఆ ఊరివాళ్ళే. తర్వాత పోలీసుల విచారణలు అయ్యాయి. వీళ్ళను తమిళనాడు శిబిరానికి పంపాలా, ఎప్పుడు పంపాలి అన్నది పైవాళ్ళు తేల్చాలి. తేలేదాకా ఈ షెల్టరులో ఉంచమన్నారు.

ఫేబీ కోవూరు అమ్మాయి. మద్రాసులో చదువుకోవడం వల్ల అరవం బాగా వచ్చు. ఒక సహాయ సంస్థలో ఆమె ఉద్యోగం ఏమిటంటే, ప్రభుత్వానికీ శరణార్థులకూ మధ్య తిరగడం. వాళ్ళ అవసరాలు అధికారులకు చెప్పాలి, అధికారుల మాటలు వాళ్ళకు చెప్పాలి. ఏ కాగితం ఏ బల్ల మీద ఆగిపోయిందో, ఏ గుమాస్తా ఏ వేళకు మెత్తబడతాడో ఆమెకు బాగా తెలుసు. పిల్లలకు పాలపొడి వచ్చినా, దోమతెరలు వచ్చినా, వారం వారం డాక్టరు వచ్చినా అదంతా ఆమె చెప్పులు అరగదీసి తెచ్చిందే. నిజం చెప్పాలంటే ఆ అమ్మాయి లేకపోతే ఆ కుటుంబాలు ఎప్పుడో చెల్లాచెదురయ్యేవి. పని ఎగ్గొట్టే మనిషి చేసిన పొరపాటయితే ఈ కథ చెప్పేవాణ్ణే కాదు. ప్రాణం పెట్టి పనిచేసే మనిషి పొరపాటు కనుక చెప్పవలసి వస్తోంది.

గంజి పోసిన ఊరే కొన్నాళ్ళకు మొహం తిప్పుకుంది. కొళాయి దగ్గర షెల్టరు ఆడవాళ్ళు కనపడితే పాళెం ఆడవాళ్ళు బిందె అడ్డం పెట్టసాగారు. చేపల బుట్ట ఎత్తుకునే ఆదిశేషమ్మ, మొదట్లో రోజూ ఒక గుప్పెడు చేపలు మెట్ల మీద పోసి పోయేది, ఇప్పుడు ఆ దారినే రావడం మానుకుంది. చివరికి ఊరి పెద్దకాపు కామాక్షయ్య గూడూరు వెళ్ళి, వీళ్ళు మా ఊళ్ళో వద్దు అని మొరపెట్టుకున్నాడు. వాణి గారు స్వయంగా వస్తున్నది ఆ సంగతి తేల్చడానికే.

ఊరు కాదంటే ఏమవుతుందో ఫేబీకి తెలుసు. అందరూ కలిసి ఉండే చోటు ఆ చుట్టుపక్కల మరొకటి లేదు. మగవాళ్ళను ఒక పట్టణంలో, ఆడవాళ్ళనూ పిల్లలనూ మరో పట్టణంలో ఉంచవలసి వస్తుంది. మగ్దలీనమ్మ కోడలు జెసింతకు నెలలు నిండుతున్నాయి. పడవలో ఆ పిల్ల దాహంతో స్పృహ తప్పినప్పుడు భర్త అంతోని తన ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. సముద్రం హోరెత్తిన రోజు ఈనాటికీ భర్త చొక్కా కొస పట్టుకుంటేనే ఆమెకు నిద్ర పడుతుంది. అలాంటి పిల్ల కాన్పు వేళకు మొగుడు ఒక ఊళ్ళో, తాను ఒక ఊళ్ళో అంటే ఆ ఇంటి గతి ఏమిటి?

ఊరు ఎందుకు మారిందన్నది మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. సహాయమంతా షెల్టరుకే వస్తోందని అసూయ అనుకుంది. అసలు సంగతి వేరే.

ఆ పాళెంలో అలివి వల ఉంది. ఒడ్డునుంచే లాగే పెద్ద వల అది. పడవలో తీసుకుపోయి సముద్రంలో చుట్టూ వేసి వస్తారు, తర్వాత రెండు కొసల తాళ్ళనూ రెండు గుంపులు ఇసుకలో కాళ్ళు తన్నిపట్టి లాగుతాయి. ఆ వలలో పడ్డ చేప తిన్నవాడు ఎవరైనా సరే ఒక్క పూటైనా వచ్చి తాడు పట్టుకోవాలి. అది ఊరి మర్యాద. కొత్త అల్లుడైనా అంతే. ఒకసారి లెక్కలు రాసుకోవడానికి వచ్చిన బ్యాంకు ఆయన మధ్యాహ్నం కామాక్షయ్య ఇంట్లో చేపల పులుసు తిన్నాడు. పాపం, ఆయన బూట్లు విప్పించి మరీ తాడు పట్టించారు. పట్టినవాడు ఊరివాడు. పట్టనన్నవాడు ఊరిని కాదన్నవాడు.

పడవ చేరిన కొన్నాళ్ళకే కామాక్షయ్య ఆదిశేషమ్మ చేత కబురు పెట్టాడు, మీ మగవాళ్ళు తాడుకు రావచ్చని. కబురు నేరుగా షెల్టరు లోపలికి పోలేదు. మెట్ల దగ్గరే ఫేబీకి అందింది. కోవూరు వరి పొలాల మధ్య పెరిగిన ఆమెకు ఇది కూలిపనిలాగా తోచింది. శరణార్థులు పనికి పోతున్నారని పైకి ఎవరైనా రాస్తే కొంప మునుగుతుందని భయపడింది. "వాళ్ళు రారు లేమ్మా" అని పంపేసింది. లోపలికి వచ్చి, "తీరానికి పోవద్దు, ఊరివాళ్ళ దగ్గరకు పోవద్దు" అని అంతోనికీ మిగతా మగవాళ్ళకూ చెప్పింది. రెండు ముక్కల్లో పని తేలిపోయిందని ఆ రోజు ఆమె సంతోషించింది కూడా.

మధ్యాహ్నం వాణి గారు వచ్చారు. షెల్టరు ముందున్న సిమెంటు గచ్చు మీద ఒకపక్క ఊరివాళ్ళు, ఒకపక్క పాతబట్టల్లో శరణార్థులు కూర్చున్నారు. ఫేబీ మధ్యలో నిలబడింది.

"మేడమ్, వీళ్ళ తరఫున నేను మాట్లాడతాను" అని మొదలుపెట్టింది. ఎంత బాగా మాట్లాడిందో చెప్పలేను. పడవ ప్రయాణం, పిల్లల జ్వరాలు, జెసింత పరిస్థితి అన్నీ వరసగా, ఎక్కడా తడుముకోకుండా చెప్పింది. వాణి గారు తల ఆడిస్తూ విన్నారు. ఆ మాటలు ఎవరి గురించో వాళ్ళకు మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు. ఫేబీ చెయ్యి ఎటు చూపిస్తే అటు తలవంచుకున్నారు.

"కామాక్షయ్య గారూ, ఇక మీరు చెప్పండి" అన్నారు వాణి గారు.

కామాక్షయ్య భుజం మీది తుండుగుడ్డ సర్దుకుని లేచాడు. "మేము చెడ్డోళ్ళం కాదు మేడమ్. వీళ్ళ పడవ లాగింది మేమే, గంజి పోసింది మేమే. మా వల చేప తిన్నారు, సంతోషం. తాడు పట్టుకోండయ్యా అని పిలిస్తే రామన్నారు. అంత నామోషీ అయితే ఎట్టా? మమ్మల్ని మనుషులుగా ఎంచనోళ్ళు మా ఊళ్ళో ఎందుకుండాల? యాడికన్నా పంపించండి."

ఊరివాళ్ళంతా అవునవునన్నారు. ఫేబీకి ఇన్నాళ్ళకు విషయం అర్థమైంది.

శరణార్థుల వైపు నుంచి మగ్దలీనమ్మ అరవంలో అడిగింది, "వల గురించి ఏమిటి అంటున్నాడు ఆ పెద్దాయన?"

"ఏం లేదమ్మా. నేను చూసుకుంటాను, మీరు కూర్చోండి" అంది ఫేబీ.

మగ్దలీనమ్మ కూర్చోలేదు. అందరూ అప్పుడే గమనించారు. ఆమె ఒంటి మీద పాత చీర లేదు, ఆకుపచ్చ చీర ఉంది. ఫేబీని పక్కకు తప్పించుకుని నడిచి వెళ్ళి కామాక్షయ్య ఎదుట నిలబడింది.

"అయ్యా, మీరు వల అన్నారు, అది మాత్రం తెలిసింది. మిగిలింది నాతో చెప్పండి" అని అరవంలోనే అడిగింది.

కామాక్షయ్యకు అరవం కొత్తేమీ కాదు. ఆయన భార్యది పులికాట్ వైపు. ఆ పాళెంలో ముసలివాళ్ళంతా ఇంట్లో సగం ఆ భాషే మాట్లాడతారు. ఇన్నాళ్ళూ షెల్టరువాళ్ళతో ఏ మాటయినా ఫేబీ ద్వారానే పోవాలని పైవాళ్ళు అన్నారు కనుక ఊరుకున్నారు గాని, మాట రాక కాదు.

"మా తాడు పట్టేది లేదని మీరు చెప్పి పంపించారంట గదమ్మా" అన్నాడు ఆయన, వచ్చిన అరవంలో.

"ఎవరు చెప్పారు?" అంది మగ్దలీనమ్మ. "మా తీరంలోనూ ఒడ్డునుంచి లాగే ఇలాంటి వలే, కరైవలై ఉంది. మా ఇంటాయన బతికుండగా ముందు తాడు ఆయనదే. వల చేప తిని తాడు పట్టకపోవడం మాకూ సిగ్గే. వచ్చిన వారంలోనే మా అంతోని మీ దగ్గరకు వస్తానన్నాడు. పోవద్దన్నారు. చచ్చిన ఇంజనుతో కొట్టుకొచ్చినవాళ్ళం, మా చెయ్యి పడితే మీ వలకు అశుభమని మీరే రానివ్వలేదనుకున్నాం. అందుకే కొళాయి దగ్గర మీ ఆడవాళ్ళు బిందె అడ్డం పెట్టినా నోరెత్తలేదు."

ముందుగా ఆదిశేషమ్మ లేచింది.

"అయ్యో తల్లీ, అశుభమా! సముద్రం వదిలిపెట్టిన మనుషులు మీరు, మీ చెయ్యి అశుభమని ఎవురన్నా అంటారా?" అని, ఫేబీ వైపు తిరిగింది. "ఏం పాపా, వాళ్ళు రారని నువ్వే గదా చెప్పినావు?"

ఫేబీ మొహం ఎర్రబడింది. అబద్ధం చెప్పి తప్పించుకునే దారి ఉంది. భాష తేడా వల్ల ఏదో జరిగిందంటే సరిపోతుంది. ఆమె అలా అనలేదు. అందుకు ఆమెను మెచ్చుకోవాలి.

"నేనే వద్దన్నాను" అంది, ముందు తెలుగులో, తర్వాత అరవంలో. "కూలిపని అనుకున్నాను. ఎవరైనా ఆక్షేపణ పెడతారని భయపడ్డాను. వాళ్ళను అడగలేదు. అడగకుండానే వాళ్ళు రారని మీకు చెప్పాను. తప్పు వాళ్ళది కాదు, నాది."

వాణి గారు కామాక్షయ్యను అడిగారు, "తాడు పట్టినందుకు కూలి ఇస్తారా?"

"కూలేంది మేడమ్! ఇంట్లో పనికి ఇంటోళ్ళకి కూలిస్తారా? ఈపూట మా చేప తింటే మీరూ పట్టాల్సిందే."

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో సగం బరువు దిగిపోయింది. వాణి గారు కూడా నవ్వుతూనే అన్నారు, "అయితే ఇది ఉద్యోగం కాదు, ఇరుగుపొరుగు మర్యాద. దానికి నా అనుమతి అక్కర్లేదు. పడవెక్కి సముద్రం మీదికి మాత్రం పోకూడదు, అది పోలీసుల షరతు. ఇప్పుడు చెప్పండి, వీళ్ళను ఉంచమంటారా, పంపించమంటారా?"

కామాక్షయ్య తనవాళ్ళ వైపు చూశాడు. మగవాళ్ళు తల ఊపారు గాని, జవాబు ఆదిశేషమ్మ నుంచి వచ్చింది. "పంపించేదేంది? కడుపుతో ఉన్న బిడ్డను మొగుడికి దూరం చేస్తే ఆ ఉసురు మా ఊరికి తగలదా? ఉండనీండి మేడమ్. రేపటి నుంచి కొళాయి దగ్గర ముందు బిందె వాళ్ళదే."

అంతోని భార్య పక్కన కూర్చుని ఉన్నాడు. ఎవరో అరవంలో చెప్పగానే రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. జెసింత అతని వీపు నిమురుతూ ఉండిపోయింది.

బయలుదేరే ముందు వాణి గారు ఫేబీని పక్కకు పిలిచారు. "మీ నివేదికలు చాలా బాగుంటాయి, ఫేబీ గారూ. అవి చదివితే నాకు ఇక్కడికి రావలసిన పనే ఉండదు. అదే మన తప్పేమో. ఇన్నాళ్ళూ మీ గొంతు విన్నాను, ఆవిడ గొంతు ఈరోజే విన్నాను. మీతో మాట్లాడితే పని త్వరగా తెమిలిపోతుందని నేనూ అలవాటు పడ్డాను" అన్నారు.

సాయంత్రం ఫేబీ మగ్దలీనమ్మ దగ్గరకు వెళ్ళి కూర్చుంది. క్షమించమని అడిగింది.

"తాడు సంగతి వదిలెయ్ తల్లీ, నువ్వు మాకోసం ఎంత తిరిగావో మాకు తెలియదా?" అంది మగ్దలీనమ్మ. "పొద్దున పాత చీర కట్టుకోమన్నావే, అది గుచ్చుకుంది. మా ఇల్లు పోయింది. పడవ పోయింది. వచ్చినవాళ్ళ ఎదుట మర్యాదగా నిలబడటం ఒక్కటే మాకు మిగిలింది. దాన్ని కూడా దాచేయమన్నావు."

ఫేబీ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు ఆమెకు ఎంతో మేలు చేసింది.

మర్నాడు షెల్టరు మగవాళ్ళు తాడుకు వెళ్ళారు. లాగేటప్పుడు వాళ్ళు వేసే కేకలు ఒక రకం, పాళెంవాళ్ళ కేకలు మరో రకం. ఒకరు గుంజేటప్పుడు ఇంకొకరు ఊపిరి పీల్చుకోవడంతో మొదట వల ఎటూ కదల్లేదు. పాళెం కుర్రాళ్ళు పడీపడీ నవ్వారు. చివరికి కామాక్షయ్య కేక, అంతోని కేక వంతులవారీగా వేయాలని ఒప్పందం కుదిరింది.

కొద్ది రోజులకే జెసింతకు నొప్పులు వచ్చాయి. ఆటోలో కోట ఆసుపత్రికి తీసుకుపోయారు. అంతోని, మగ్దలీనమ్మ, తోడుగా ఆదిశేషమ్మ, ఫేబీ. కాన్పుల గది ముందు నర్సు ఉషారాణి వివరాలు రాసుకోవడానికి వచ్చి అలవాటుగా ఫేబీనే అడిగింది.

"తొలి కాన్పే కదమ్మా?"

అవును అనడానికి ఫేబీ నోరు తెరిచింది. షెల్టరుకు వచ్చే డాక్టరుకు ఆమె అదే చెప్పింది. చిన్న పిల్ల, చంకలో బిడ్డ లేదు, తొలి కాన్పు కాక మరేమిటి? నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుంది.

"ఆ అమ్మాయినే అడగండి సిస్టర్. ఆమె చెప్పింది నేను తెలుగులో చెప్తాను" అంది.

నర్సు అడిగింది. ఫేబీ అరవంలో అందించింది. జెసింత భర్త చేతిని గట్టిగా పట్టుకుని, పళ్ళ బిగువున చెప్పింది. ఇది రెండోది. మొదటి బిడ్డ కడుపులో అడ్డం తిరిగితే అక్కడ ఆపరేషను చేశారు. బిడ్డ దక్కలేదు. ఆ మచ్చ ఇంకా ఉంది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం అమ్మా?" అని ఫేబీ మగ్దలీనమ్మను అడిగింది.

"నీకు అన్నీ తెలుసనుకున్నాం తల్లీ. డాక్టరమ్మ అడగడం, నువ్వు చెప్పడం, ఆమె రాసుకోవడం. మమ్మల్ని ఎవరూ అడగలేదుగా" అంది మగ్దలీనమ్మ.

అప్పటికే ఉషారాణి డాక్టరు కోసం పరుగెత్తింది. పాత కోత ఉన్న మనిషిని నొప్పులకు వదిలేయడం ప్రమాదమని డాక్టరు వెంటనే పెద్ద ఆసుపత్రికి అంబులెన్సు తెప్పించారు. దారి పొడుగునా అంతోని ఆమె తల దగ్గరే కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఆపరేషను చేసి ఆడపిల్లను బయటికి తీశారు. తల్లీ బిడ్డా క్షేమం.

గాజు తలుపు బయట నిలబడి ఫేబీ ఆ మాట విన్నది. దేవునికి స్తోత్రం చెప్పుకుంది. ఒక్క 'అవును' అనే మాట ఆ పొద్దున తన నోటినుంచి జారి ఉంటే ఏమయ్యేదో తలచుకుని వణికింది. ఆ రోజు నుంచి ఆమె ఉద్యోగం మారలేదు. ఇప్పటికీ ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది, ఇప్పటికీ అధికారులను విసిగిస్తుంది. కానీ ఎవరి గురించి మాట్లాడటానికి వెళితే వాళ్ళను వెంట తీసుకుపోతుంది. "వీళ్ళ తరఫున" అనే మాటతో మొదలుపెట్టదు.

మనలో ప్రతివాళ్ళకూ ఎప్పుడో ఒకప్పుడు ఇంకొకరి తరఫున మాట్లాడే అవకాశం వస్తుంది. ఆఫీసులో, ఆసుపత్రిలో, ఇంట్లో కూడా. కష్టంలో ఉన్న మనిషికి అన్నం పెట్టండి, బట్ట ఇవ్వండి, చేతనైనంత పోరాడండి. అయితే వాటన్నిటికన్నా ముందు, నీకేం కావాలని ఆ మనిషిని అడిగి, చెప్పేదాకా ఆగి వినండి.